యాప్‌లో "బై" (కొనండి) నొక్కి కొన్న సినిమా మనదేనా? అమెరికా నుంచి ఇండియాకి వచ్చేసేవాళ్ళు డిస్క్‌కా, డిజిటల్‌కా, దేనికి డబ్బు పెట్టాలి?

రీలుపెట్టె:
అమెరికాలో యాప్‌లో "బై" నొక్కితే చాలా సినిమాలకి డిస్క్ ధరకి దగ్గరగానే వసూలు చేస్తారు. దక్కేది మాత్రం చూసుకునే అనుమతే. అమ్ముకోలేం, ఇంకొకరికి ఇచ్చేయలేం. స్టూడియోకీ దుకాణానికీ ఒప్పందం ముగిస్తే మన లైబ్రరీలోంచే తీసేయగలరు. జర్మనీ, ఆస్ట్రియాల్లో ప్లేస్టేషన్ స్టోర్‌లో కొన్న స్టూడియోకెనాల్ అనే సంస్థ సినిమాలు 2022 ఆగస్టు 31న అలాగే పోయాయి. దీన్ని అమ్మకం అనడం అన్యాయం. డిస్కే కొనమంటాను.

మబ్బులగది:
నేను ఒప్పుకోనండీ. బ్లూరే (హెచ్‌డీ డిస్క్) డబ్బాలో వచ్చే డిజిటల్ కాపీ కోడ్‌ని మూవీస్ ఎనీవేర్‌లో (వేర్వేరు దుకాణాల్లో కొన్న సినిమాల్ని ఒక్కచోట కలిపే సేవ) ఎక్కించి యాపిల్, అమెజాన్, ఫాండాంగో ఎట్ హోమ్ లాంటి ఆన్‌లైన్ సినిమా దుకాణాల ఖాతాలు జోడిస్తే డిస్నీ, సోనీ, యూనివర్సల్, వార్నర్ సినిమాల్లో చాలావరకు అన్నిచోట్లా కనిపిస్తాయి. ఒక దుకాణం మూసినా మిగతావి ఉంటాయి. 2019 జూలై 31న అల్ట్రావయొలెట్ అనే ఇలాంటి పాత సేవని మూసేసినా, అప్పటికే ఖాతాలు జోడించుకున్నవాళ్ళ సినిమాలు చాలావరకు ఆ దుకాణాల్లో నిలిచాయి. డిస్క్ మీద గీత పడితే ఎవరిస్తారు?

రీజియన్‌సి:
ఇద్దరూ అసలు ప్రశ్న వదిలేశారు. మూవీస్ ఎనీవేర్ అమెరికాకే పరిమితం. పారమౌంట్, లయన్స్‌గేట్ స్టూడియోలు అందులో లేనేలేవు. వాటి సినిమాలు యాపిల్‌లో ఉన్నాయి కదా అంటే, ఖాతా దేశం మార్చేటప్పుడు చిక్కు మొదలవుతుంది. ముందు బ్యాలెన్స్ మొత్తం ఖర్చుపెట్టాలి, చందాలు రద్దు చేసి వాటి గడువు ముగిసేదాకా ఆగాలి, తర్వాత ఇండియా చిరునామా, పేమెంట్ పద్ధతి ఇవ్వాలి. మార్చాక ఇండియా స్టోర్‌లో లేని సినిమా మళ్ళీ డౌన్‌లోడ్ కాకపోవచ్చు. అందుకే ముందే దించుకోమని యాపిలే చెబుతుంది.

అయితే దించుకున్నా 4కే (హెచ్‌డీ కన్నా స్పష్టమైన బొమ్మ) రాదు, హెచ్‌డీ వరకే. 4కే స్ట్రీమింగ్‌లోనే. ఆ ఫైలుకి కూడా తాళం ఉంటుంది: ఆ కంప్యూటర్‌కి మన యాపిల్ ఖాతాతో అనుమతి (ఆథరైజ్) ఇవ్వాలి, అదీ ఒక ఖాతాకి 5 కంప్యూటర్లే. హార్డ్‌డిస్క్‌లో కాపీ ఉంది కదా అని ధీమాగా ఉండకండి.

రీలుపెట్టె:
చూశారా, నేనన్నదీ అదే. డిస్క్‌కి ఈ బాధల్లేవు.

రీజియన్‌సి:
ఉన్నాయండీ. డిస్కులకి ప్రాంతాలవారీ తాళం ఉంటుంది, దాన్నే రీజియన్ అంటారు. మామూలు బ్లూరేలకి అమెరికా రీజియన్ ఏ, ఇండియా రీజియన్ సి. డబ్బా వెనక గుర్తులో ఏ ఒక్కటే ఉంటే హైదరాబాద్‌లో కొన్న ప్లేయర్ ఆ డిస్క్‌ని తీసుకోకపోవచ్చు. డీవీడీకైతే అక్కడ 1, ఇక్కడ 5. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకి రీజియన్ లేదు, అవి ఏ దేశపు 4కే ప్లేయర్‌లోనైనా ఆడతాయి. కానీ అదే డబ్బాలో వచ్చే మామూలు బ్లూరేకి రీజియన్ ఉండొచ్చు. ప్లేయర్‌ని అక్కణ్ణుంచే తెచ్చుకునేటట్లయితే వెనక చీటీ చదవండి. 100–240 వోల్టులని ఉంటే పిన్ను మారిస్తే చాలు. 120 అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల్లో నేరుగా పెట్టకూడదు, కాలిపోతుంది.

చట్టంపీఠం:
"బై" మాట గురించి ఒకటి. కాలిఫోర్నియాలో ఏబీ 2426 చట్టం 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఇది లైసెన్స్ మాత్రమే, వెనక్కి తీసుకోవచ్చు అని స్పష్టంగా చెప్పకుండా ఆ మాట వాడకూడదు. శాశ్వతంగా దించుకుని నెట్ లేకుండా వాడుకునేవాటికి మినహాయింపు ఉంది. కానీ ఇది సినిమా పోకుండా ఆపదు, పోవచ్చని చెప్పిస్తుందంతే. నాకు ఇది చాలదు. తీసేసినప్పుడు డబ్బు వెనక్కిచ్చే నిబంధన కావాలి.

మబ్బులగది:
వాపసు విషయంలో మీతోనే ఉన్నాను. రీజియన్ సంగతి విన్నాక కూడా అమెరికాలోనే ఉండిపోయేవాళ్ళకి డిజిటలే నయమంటాను. కోడ్ చీటీ మీద గడువు తేదీ ఉంటుంది కాబట్టి డబ్బా తెరిచిన రోజే ఎక్కించేయండి.

రీజియన్‌సి:
తిరిగొచ్చేవాళ్ళు మాత్రం 4కే డిస్క్, కోడ్ రెండూ ఉన్న డబ్బా తీసుకోండి. వాడిన డబ్బా కొంటే కోడ్ మీద ఆశ పెట్టుకోవద్దు, ఒకసారి ఎక్కించాక మళ్ళీ పనిచేయదు.