ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలి లాగేసినా దుమ్ము తేలుతోంది, ఎందుకు?

కంచరపాలెం_కుర్రోడు: పాత ఫ్రిజ్ కంప్రెసర్‌ని మందపాటి ఆక్రిలిక్ గొట్టానికి బిగించి వాక్యూమ్ చాంబర్ చేశాను. ఎత్తు 30 సెంటీమీటర్లు. మా కిటికీ చువ్వల మీద రోజూ చేరే నల్లదుమ్ము చిటికెడు వేసి, ఊపి, స్విచ్ వేశా. పక్కనుంచి లేజర్ లైటు. గేజి 700 మిల్లీమీటర్ల (పాదరసం లెక్కలో) దగ్గర ఆగింది. మొదట తెల్లగా పొగ కమ్మింది, తర్వాత దుమ్ము తాపీగా తేలుతూనే ఉంది. 1972లో అపోలో 16 బండి చక్రాలు గాలి లేని చంద్రుడి మీద లేపిన దుమ్ము విసిరిన రాయిలా పడిందిగా! మా బావేమో కంప్రెసర్ చచ్చిందంటాడు.

గాజువాక_ఫిట్టర్: ఎక్కడో లీకు. వాల్వు కట్టేసి పది నిమిషాలు గేజి చూడు. ముల్లు వెనక్కొస్తే లీకే, కదలకపోతే బావే గెలిచాడు.

కంచరపాలెం_కుర్రోడు: చూశానన్నా. కదల్లేదు.

రిటైర్డ్_మాస్టారు: లీకూ లేదు, కంప్రెసర్ తప్పూ లేదు. మామూలు గాలి పీడనం 760 మిల్లీమీటర్లు, అందులో 700 పోతే లోపల ఇంకా 60 మిల్లీమీటర్ల గాలి ఉంది. దుమ్మును ఆపేది గాలి బరువు కాదు నాయనా, జిగట. పీడనం తగ్గినా ఆ జిగట దాదాపు తగ్గదు.

గాజువాక_ఫిట్టర్: ఏటండీ మాస్టారూ, పన్నెండో వంతు గాలి మొత్తం గాలంత అడ్డుకుంటుందా? పలచటి మజ్జిగ, గడ్డ పెరుగు ఒకటేనా?

రిటైర్డ్_మాస్టారు: మజ్జిగ పోలిక ఇక్కడ కుదరదు. అణువులు తగ్గాయి, నిజమే. కానీ ఒకదాన్నొకటి గుద్దుకోకుండా అంత ఎక్కువ దూరం పోతాయి, అంత దూరం నుంచి వేగాన్ని మోసుకొస్తాయి. ఇటు తగ్గింది అటు సరి. 1860లో భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ లెక్కలో ఇది తేలితే ఆయనకే వింతగా తోచింది. తర్వాత భార్య సాయంతో ఇంట్లోనే కొలిచి, నిజమేనని చూశాడు. అణువులు గుద్దుకోకుండా పోయే ఆ దూరం మామూలు గాలిలో మైక్రాన్‌లో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పదిహేనో వంతు. 60 మిల్లీమీటర్ల దగ్గర ఒక మైక్రాన్ లోపే. నీ నల్లదుమ్ములోని 10 మైక్రాన్ల బొగ్గు రేణువుకి అది లెక్కలోకి రాదు. ముందు సెకనుకు 4 మిల్లీమీటర్లు దిగేది, ఇప్పుడు 5. గొట్టం అడుక్కి చేరడానికి నిమిషం.

ఎంవీపీ_సీత: ఆ తెల్లపొగ దుమ్ము కాదు తమ్ముడూ, మన ఊరి చెమ్మ. గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చల్లబడితే ఆవిరి దుమ్ము రేణువుల చుట్టూ నీటి చుక్కలుగా పేరుకుంటుంది. ఆరేసిన చొక్కా సాయంత్రానికీ ఆరని చోట పొగ రాకపోతేనే ఆశ్చర్యం. సిలికా జెల్ పొట్లాలు రాత్రంతా లోపల ఉంచి చూడు.

కంచరపాలెం_కుర్రోడు: ఉంచానక్కా. పొగ మాయం! దుమ్ము మాత్రం మాస్టారు చెప్పినట్టే, దాదాపు నిమిషం. కొంత గోడకే అంటుకుపోయింది, తడితే కూడా రాలదు.

రిటైర్డ్_మాస్టారు: అది స్థిర విద్యుత్తు. ఆక్రిలిక్‌తో ఆ గొడవ తప్పదు. రాయిలా పడటం చూడాలంటే ఏసీ మెకానిక్కుల వాక్యూమ్ పంపు కావాలి. 1 మిల్లీమీటరుకు దిగితే సెకనుకు సుమారు 7 సెంటీమీటర్లు. ఇంకా పది రెట్లు దిగితే, కళ్లు మూసి తెరిచేలోపు అడుగున ఉంటుంది. ముందు గొట్టం చుట్టూ ఇనప జాలీ కట్టు, పగిలితే ముక్కలు మీదికొస్తాయి.

గాజువాక_ఫిట్టర్: పంపు నా దగ్గరుంది. ఆదివారం తెస్తా. కళ్లారా చూసేదాకా నేను ఒప్పుకోను మాస్టారూ.