హాట్ టబ్బు నీళ్లు తెల్లబడుతున్నాయి, కరెంటు ట్రిప్పవుతోంది. ఏం చేయాలి?

హైదరాబాదు, నిజాంపేట నుంచి ప్రశ్న

అందరికీ నమస్కారం. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. వేడి నీళ్లలో కాసేపు కూర్చుంటే హాయిగా ఉంటుందని సంక్రాంతి తర్వాత ఒక పాత హాట్ టబ్బు కొన్నాను. నలుగురు పట్టే టబ్బు, 1200 లీటర్లు, 3 కిలోవాట్ల హీటరు. ఇంటి వెనక సిమెంటు దిమ్మె మీద పెట్టించాను. మొదటి రెండు వారాలు బాగానే గడిచింది.

ఇప్పుడు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లగా ఉంటున్నాయి. జెట్లు వేస్తే నురగ అంచు దాటి పొంగుతోంది. హీటరు పది నిమిషాలు పనిచేసి ఆగిపోతుంది, నీటి ప్రవాహం తక్కువగా ఉందని ప్యానెల్ మీద హెచ్చరిక వస్తుంది. మూడు రోజుల నుంచి హీటరు మొదలవగానే ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే లైను ఆపేసే స్విచ్) కూడా పడిపోతోంది. నింపినవి ట్యాంకరు నీళ్లు. పక్కింటివారు చెప్పారని రెండు గుప్పెళ్ల బ్లీచింగ్ పౌడరు వేశాను. తెలుపు ఇంకా పెరిగింది. చూడటానికి వచ్చిన మెకానిక్ హీటరులో లోపం లేదని, ఆర్‌సీసీబీ తీసేసి నేరుగా కలిపితే సరిపోతుందని అన్నాడు. అమ్మ కూర్చునే నీళ్లు కదా, నాకు మనసొప్పలేదు.

ఎలక్ట్రికల్ పనిలో ఉన్న సభ్యుడు, ఈసీఐఎల్

అన్నా, మిగతా సలహాలు చదివేలోపు టబ్బు మెయిన్ స్విచ్ ఆపేయండి. అమ్మగారిని అందులోకి దిగనివ్వకండి. మీకు మనసొప్పకపోవడమే మంచిదయింది.

ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగి రావాలి. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే ఆర్‌సీసీబీ పడిపోతుంది. ఆ తేడా ఎక్కడికి పోయింది? భూమిలోకి. టబ్బులో అయితే నీళ్లగుండా, నీళ్లలో మనిషి ఉంటే ఆ మనిషిగుండా కూడా పోవచ్చు. ప్రాణం కాపాడుతున్న వస్తువును తీసేయమన్న ఆ మెకానిక్‌ను మళ్లీ పిలవకండి.

లోపం ఎక్కడుందో ఇలా తెలుసుకోవచ్చు. తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. మెయిన్ ఆపి, కంట్రోల్ పెట్టెలో హీటరుకు వెళ్లే రెండు తీగలూ విప్పి, వాటి కొసలకు టేపు చుట్టి, మళ్లీ ఆన్ చేయాలి. పంపు తిరుగుతున్నా ఆర్‌సీసీబీ నిలబడితే దోషం హీటరుదే. తర్వాత విప్పిన హీటరుకు 500 వోల్టుల మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించండి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ ఎలిమెంటు పోయినట్టే. మామూలు మల్టీమీటరుతో చూసి బాగానే ఉందంటే నమ్మకండి, వేడెక్కినప్పుడు మాత్రమే లీకయ్యేవి అందులో దొరకవు.

3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు, పైగా గంటల తరబడి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నడుస్తుంటే వెంటనే మార్పించండి. మీటరు దగ్గర నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడి లైను, దానికి సొంత ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగు ఉండాలి.

విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, సైనిక్‌పురి

బాబూ, మా వారి నడుము నొప్పి కోసం ఆరేళ్లుగా ఇలాంటి టబ్బు వాడుతున్నాం. మొదటి ఏడాది రెండు హీటర్లు పోగొట్టుకున్నాక నాకు అర్థమైంది, జబ్బు టబ్బుది కాదు, అందులో పోసే నీళ్లదని. కొత్త ఎలిమెంటు కొన్నా నీళ్లు సరిచేయకపోతే అదీ పోతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ తెలుపు ఏమిటో తేల్చండి. గాజుగ్లాసులో టబ్బు నీళ్లు పట్టి రెండు నిమిషాలు చూడండి. అడుగు నుంచి పైకి తేటపడితే అది గాలి బుడగల తెలుపు, భయం లేదు. అలాగే ఉంటే నాలుగు చెంచాల వెనిగర్ వేసి కలపండి. తేటపడితే కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపు తెలుపు. అప్పటికీ మారకపోతే అది నూనె, చెమట, సబ్బుల మురికి.

తర్వాత ఫిల్టరు తీసేసి అయిదు నిమిషాలు పంపు నడిపి చూడాలి. కరెంటు సంగతి తేలాకే సుమా. ప్రవాహం హెచ్చరిక రాకపోతే ఫిల్టరు మూసుకుపోయిందన్నమాట.

ఒక విషయం అడుగుతాను, ఏమీ అనుకోకండి. అమ్మగారు మోకాళ్లకు తైలం రాసుకుని దిగుతున్నారా? ఈత కొలనుల సామాను అమ్మే దుకాణంలో చుక్కల పరీక్ష కిట్టు దొరుకుతుంది. పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం), మొత్తం క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి), కాఠిన్యం (కాల్షియం వంటి లవణాల మోతాదు) మూడూ చూసి చెప్పండి. టబ్బు నీళ్లతోపాటు మీ నల్లా నీళ్లు కూడా చూడండి.

నిజాంపేట

అమ్మా, మీరు చూసినట్టే చెప్పారు. అమ్మ రోజూ తైలంతో మర్దన చేయించుకుని అరగంటకు టబ్బులో దిగుతుంది. తలకు కొబ్బరి నూనె సరేసరి. వెనిగర్ వేస్తే నీళ్లు చాలావరకు తేటపడ్డాయి, పైన మాత్రం జిడ్డు తెట్టు మిగిలింది.

అన్న చెప్పినట్టు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచాను. హీటరు తీగలు విప్పితే ఆర్‌సీసీబీ పడలేదు. ఎలిమెంటు బయటికి తీస్తే దాని చుట్టూ గుడ్డు పెంకులా తెల్లటి పూత, ఒకచోట పైగొట్టం పగిలి ఉంది.

టబ్బు నీళ్లు: పీహెచ్ 8.4, క్షారత 320 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), కాఠిన్యం 480. నల్లా నీళ్లు: పీహెచ్ 7.6, క్షారత 140, కాఠిన్యం 160. మెత్తని నీళ్ల కోసం సాఫ్టెనర్ బిగించి మళ్లీ ట్యాంకరు నీళ్లే నింపితే సరిపోతుందా?

సైనిక్‌పురి

సరిపోదు బాబూ. నేనూ ఆ పొరపాటే చేశాను.

మన ఊళ్లో ట్యాంకరు నీళ్లంటే చాలావరకు బోరు నీళ్లే. రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు కాబట్టి కాల్షియం ఉంటుంది, బైకార్బొనేటు కూడా ఉంటుంది. సాఫ్టెనర్ కాల్షియాన్ని తీసుకుని దాని బదులు సోడియం ఇస్తుంది. బైకార్బొనేటును ముట్టుకోదు. క్షారత అంటే ముఖ్యంగా ఆ బైకార్బొనేటే. జెట్లు గాలిని చిలికినప్పుడల్లా నీళ్లలోని కార్బన్ డయాక్సైడు ఎగిరిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది. క్షారత ఎంత ఎక్కువుంటే ఈ పరుగు అంత ఎక్కువ. మీరు ఇవాళ ఆమ్లం వేసి 7.4కు దించినా మూడు రోజుల్లో మళ్లీ 8 దాటుతుంది.

పీహెచ్ పెరిగితే రెండు నష్టాలు. కాల్షియం కార్బొనేటు వేడి పెరిగేకొద్దీ తక్కువగా కరుగుతుంది. అందుకే అది టబ్బు గోడలను వదిలి అన్నిటికన్నా వేడిగా ఉండే ఎలిమెంటు మీద పేరుకుంటుంది. ఆ పూత కింద వేడి బయటికి పోలేక గొట్టం పగులుతుంది, లోపలి ఇన్సులేషన్ పొడికి తేమ తగులుతుంది, మీ ఆర్‌సీసీబీ పడుతుంది. రెండోది, క్లోరిన్‌లో క్రిములను చంపే రూపం పీహెచ్ 7.5 దగ్గర సుమారు సగం ఉంటే, 8.4 దగ్గర ఎనిమిదో వంతుకు పడిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో లీజియొనెల్లా వంటి బాక్టీరియా పెరుగుతుంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇక బ్లీచింగ్ పౌడరు అంటే కాల్షియం హైపోక్లోరైటు. సున్నం ఎక్కువైన నీళ్లలో మీరు ఇంకా కాల్షియం పోశారు.

ట్యాంకరు నీళ్ల క్షారతను 320 నుంచి 100కు దించాలంటే మీ టబ్బుకు పొడి ఆమ్లం, అంటే సోడియం బైసల్ఫేటు, 630 గ్రాముల దాకా కావాలి. అంత వేసినా కాఠిన్యం 480 అలాగే ఉంటుంది. మీ నల్లా నీళ్లు చక్కగా ఉన్నాయి. రెండు మూడు విడతలుగా పట్టి వాటితోనే నింపండి. పూర్తిగా ఆర్‌ఓ నీళ్లు మాత్రం వద్దు, మరీ మెత్తని నీళ్లు లోహాన్ని తింటాయి. కాఠిన్యం 150 నుంచి 250 మధ్య ఉంటే చాలు.

ఖాళీ చేసేముందు పైపులు శుభ్రం చేసే మందు వేసి జెట్లు నడపండి. పాత టబ్బు కదా, లోపలి నుంచి ఏం వస్తుందో చూస్తే మీకే తెలుస్తుంది. ఫిల్టరును ముందు జిడ్డు తీసే క్షారపు మందులో రాత్రంతా నానబెట్టి కడగండి. సున్నం పోవడానికి పలుచని ఆమ్లంలో ముంచడం ఆ తర్వాతే. జిడ్డు ఉండగా ఆమ్లం తగిలితే అది మడతల్లో గట్టిపడిపోతుంది, ఫిల్టరు ఇక పనికిరాదు.

కొత్త నీళ్లలో క్షారతను 140 నుంచి 100కు తేవడానికి 115 గ్రాముల పొడి ఆమ్లం చాలు. ఒక్కసారి వేయకండి. 35, 40 గ్రాముల చొప్పున బకెట్టు నీళ్లలో కలిపి, పంపు నడుస్తుండగా పోసి, రెండు గంటలాగి పరీక్షించండి. ఎప్పుడైనా నీళ్లలో ఆమ్లం కలపాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఆమ్లమూ క్లోరిన్ మందూ ఒకే మగ్గుతో కూడా ముట్టుకోవద్దు, వచ్చే వాయువు ప్రాణాంతకం. బాత్రూము కడిగే ఆసిడ్ అసలే వద్దు, దాని గాఢత సీసా సీసాకూ మారుతుంది.

క్లోరిన్ కోసం డైక్లోర్ గుళికలు తీసుకోండి. మీ టబ్బులో 3 పీపీఎం పెరగడానికి ఆరున్నర గ్రాములు పడుతుంది. దిగేముందు 3 నుంచి 5 మధ్య ఉండాలి. దానితోపాటు సైన్యూరిక్ ఆమ్లం పేరుకుంటూ పోతుంది, అది ఎక్కువైతే క్లోరిన్ మందగిస్తుంది. అందుకే మూడు నెలలకొకసారి నీళ్లు మార్చక తప్పదు. పాత నీళ్లను మూత తీసి రెండు రోజులుంచి, క్లోరిన్ పోయిందని పరీక్షించాక మొక్కలకు పోయండి. మన ఊళ్లో 1200 లీటర్లు కాలువ పాలు చేయకూడదు.

అమ్మగారి తైలం మాన్పించకండి. టబ్బు తర్వాత ఒళ్లు తుడుచుకున్నాక రాసుకోమనండి, వెచ్చబడిన చర్మానికి ఇంకా సుఖంగా ఉంటుంది. దిగేముందు సున్నిపిండితో కాకుండా వట్టి నీళ్లతో ఒళ్లు కడుక్కోవాలి, జుట్టు ముడి వేసుకోవాలి.

ఫిజియోథెరపిస్టు, దిల్‌సుఖ్‌నగర్

అమ్మగారికి రక్తపోటు గానీ మధుమేహం గానీ ఉంటే ముందు వారి డాక్టరును అడగండి. నీళ్ల వేడి 40 డిగ్రీలు దాటకూడదు, పెద్దవారికి 37 చాలు. మొదట పది నిమిషాలతో మొదలుపెట్టండి. మధుమేహం వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారు కాలు పెట్టి వేడి చూడకూడదు, థర్మామీటరు వాడాలి. లేచేటప్పుడు కళ్లు తిరగవచ్చు, పక్కన ఒకరుండాలి.

కూకట్‌పల్లి

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. ఇంతే టబ్బును అపార్ట్‌మెంటు డాబా మీద పెట్టుకోవచ్చా?

సివిల్ ఇంజనీరు, ఉప్పల్

అలాగే తెచ్చి పెట్టకండి. నీళ్లు 1200 కిలోలు, టబ్బు, మనుషులు కలిపి మొత్తం 1800 కిలోలనుకుందాం. రెండు మీటర్లకు రెండు మీటర్ల జాగా అంటే చదరపు మీటరుకు 450 కిలోలు. నివాస భవనాల్లో మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం లెక్కగట్టే బరువు సుమారు 150 కిలోలే. మూడింతలవుతోంది. స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగులు చూసి కాగితం మీద రాసిచ్చేదాకా ఆగండి. కింద కాపురాలున్నాయి.

నిజాంపేట, మూడు వారాల తర్వాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పైపులు కడిగినప్పుడు బూడిదరంగు పొరలు గుప్పెళ్లకొద్దీ వచ్చాయి. అమ్మను ఆ నీళ్లలో కూర్చోబెట్టానని చాలా బాధ కలిగింది. కొత్త ఎలిమెంటు, విడి లైను వేయించాను. నల్లా నీళ్లతో నింపాక పంపు తిరిగింది గానీ నీళ్లు కదల్లేదు. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి పంపు దగ్గరి బిగింపును కొంచెం వదులు చేస్తే బుస్సుమని గాలి పోయి నీటి చుక్కలు వచ్చాయి, మళ్లీ బిగించాడు. నింపేటప్పుడు పైపును ఫిల్టరు గూట్లో పెట్టి ఉంటే గాలి చిక్కుకునేది కాదట.

25 డిగ్రీల నీళ్లు 38కి చేరడానికి ఆరు గంటలు దాటింది, మీటరులో ఇరవై యూనిట్ల దాకా తిరిగింది. డాక్టరు సరేనన్నారు. అమ్మ ఇప్పుడు సాయంత్రం పది నిమిషాలు కూర్చుని, ఆ తర్వాత తైలం రాయించుకుంటోంది. నీళ్ల అడుగున టైలు గీతలు కూడా కనిపిస్తున్నాయి. పీహెచ్ మాత్రం వారానికి 7.4 నుంచి 7.8కి పోతోంది. ఇది మామూలేనా?

సైనిక్‌పురి

మామూలే. జెట్ల పక్కన గాలి వాల్వు ఉంటుంది, అమ్మగారు కూర్చున్నప్పుడు తప్ప దాన్ని మూసి ఉంచండి. అప్పటికీ 7.8కి వస్తే పది పదిహేను గ్రాముల పొడి ఆమ్లం వేయండి. క్షారత 80 కన్నా దిగిపోతే వంట సోడా వేయాలి. మీ టబ్బుకు 20 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుతుంది. ఏప్రిల్ వచ్చాక పంపు వేడికే నీళ్లు 40 డిగ్రీలు దాటవచ్చు, అప్పుడు హీటరు ఆపేసి, ఫిల్టరు నడిచే సమయాన్ని తెల్లవారుజాముకు మార్చుకోండి.