మాయా శిథిలాలు, చాక్లెట్ రుచి ఒకే రోజు టూర్‌లో: చరిత్రా, టూరిస్టు తంతా?

హ్యూస్టన్ హంస

డిసెంబరు సెలవుల్లో మధ్య అమెరికాలోని బెలీజ్ వెళ్తున్నాం. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. బస ప్లసెన్సియాలో. అక్కడి నుంచి దక్షిణాన ఉన్న టొలెడో జిల్లాకు ఒక్కరోజు గైడెడ్ టూర్ ఉంది. పొద్దున నిమ్ లి పునిట్ అనే శిథిలాలు (మధ్య అమెరికాలో ప్రాచీన నాగరికత కట్టుకున్న మాయా జాతివి), మధ్యాహ్నం ఒక మాయా కుటుంబం కోకో తోటలో భోజనం, చాక్లెట్ తయారీ, రుచి చూడటం, చీకటి పడేలోగా వెనక్కి.

మావారికి ఇది నచ్చలేదు. "శిథిలాలు చూడాలంటే శిథిలాలే చూద్దాం, మధ్యలో ఈ చాక్లెట్ తంతు ఎందుకు, మన జేబు ఖాళీ చేయడానికి కాకపోతే" అంటున్నారు. పిల్లలది ఉల్టా. చాక్లెట్ కావాలి, రాళ్లు వద్దు. ఈ రెండింటికీ నిజంగా సంబంధం ఉందా, లేక ప్యాకేజీ కోసం ఎవరో అతికించారా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. అత్తయ్యగారు శాకాహారి, అది కూడా దృష్టిలో పెట్టుకోండి.

రాతిరాత

నా ఓటు మీవారికే.

నిమ్ లి పునిట్‌లో ఆకాశాన్నంటే పిరమిడ్లేమీ ఉండవు. అక్కడ చూడాల్సింది నిలువు శిలలు, వాటి మీద చెక్కిన రాజులు, చిత్రలిపి. 14వ నంబరు శిల దాదాపు తొమ్మిదిన్నర మీటర్లు. మొత్తం మాయా ప్రపంచంలో ఇంత పొడవైన శిలలు అరుదు. ఇప్పుడు షెడ్డు కింద పడుకోబెట్టి ఉంది కాబట్టి తల నుంచి కాళ్ల దాకా పక్కన నడుస్తూ చూడొచ్చు. దాని మీది రాజు పెట్టుకున్న పెద్ద తలపాగా వల్లే ఆ చోటికి మాయా భాషల్లో ఒకటైన కెక్చిలో ఆ పేరు వచ్చింది. 1976లో చమురు కోసం వెతుకుతున్నవాళ్ల కంట పడిందే తప్ప, అప్పటిదాకా బయటి ప్రపంచానికి తెలియదు. 2015లో అక్కడే ఒక సమాధిలో రాజు ఛాతీ మీద ధరించే, జేడ్ అనే పచ్చరాతితో చేసిన ఆభరణం దొరికింది. వెనకవైపు 30 అక్షరాల శాసనం. అలాంటి చోట నింపాదిగా నిలబడి చూడాలి.

ప్యాకేజీలో అది కుదరదు. నేను వెళ్లినప్పుడు మా గైడు రెండో శిల దగ్గరే వాచీ చూసుకోవడం మొదలుపెట్టాడు. అక్కడ వంట అయిపోతోందట. చాక్లెట్ దగ్గరికి వెళ్లాక మాత్రం తీరిగ్గా కూర్చోబెట్టారు, ఎందుకంటే అక్కడ కొనేవి ఉన్నాయి. చివరికి రెంటికీ చెడ్డ రేవడి. కారు అద్దెకు తీసుకోండి, సదరన్ హైవే మంచి తారు రోడ్డు, గంటన్నర పైచిలుకు ప్రయాణం. చాక్లెట్ బార్లు ప్లసెన్సియా షాపుల్లోనూ దొరుకుతాయి.

కారం కాఫీ

రాతిరాత గారూ, మీకు ఆ రాళ్లు చదవడం తెలుసు కాబట్టి అలా అంటున్నారు. మాలాంటివాళ్లు గైడు లేకుండా వెళ్తే పది నిమిషాల్లో నాలుగు సెల్ఫీలు దిగి కారెక్కేస్తాం. ఒక శిల మీద రాజు చెయ్యి కిందికి వంచి ధూపపాత్రలోకి ఏదో చల్లుతుంటాడు. నాకైతే అది అరిగిపోయిన గీతల గుంపులా కనిపించింది. గైడు టార్చిలైటును రాతికి పక్కగా పట్టుకున్నాక, నీడలు పడి వేళ్లు విడివిడిగా తేలాయి.

ఇక సంబంధం సంగతి. ఎవరో అతికించింది కాదు. ఉత్తర బెలీజ్‌లోని కోల్హా అనే చోట క్రీస్తుపూర్వం 600 ప్రాంతపు కొమ్ము చెంబులు దొరికాయి. వాటి అడుగున అంటుకున్న మడ్డిలో కోకోలో ఉండే థియోబ్రొమిన్ అనే పదార్థం ఉందని, అంటే కోకో పోసేవారని, 2002లో తేల్చారు. గ్వాటెమాలాలోని రియో అజుల్‌లో ఒక రాజసమాధిలో తిప్పి బిగించే మూత ఉన్న కుండ దొరికింది. దాని మీద 'కకావ్' అని రాసే ఉంది, లోపల కోకో ఆనవాళ్లూ దొరికాయి. రాజులు చచ్చిన తర్వాతి ప్రయాణానికి కూడా కోకో కావాలన్నమాట. ఆ రాజుల శిలలు చూసి, తర్వాత ఆ పానీయం తాగడం తంతు ఎలా అవుతుంది?

పక్కా లెక్క

కాఫీ గారూ, కోల్హా చెంబులతో నాకు పేచీ లేదు. బ్రోషర్లలో ఉండే "వేల ఏళ్లనాటి మాయా చాక్లెట్" అన్న మాటతోనే నా పేచీ.

ఆ చెంబుల్లో ఉన్నది చాక్లెట్ బార్ కాదు. నూరిన కోకో, నీళ్లు, ఒక్కోసారి మొక్కజొన్న పిండి, మిరప. ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి ఎత్తు నుంచి పోసి నురగ తెప్పించేవారు. పంచదార స్పానిష్‌వాళ్లతో వచ్చింది. అచ్చు పోసిన బార్ 1847లో ఇంగ్లండ్‌లో, పాల చాక్లెట్ 1875లో స్విట్జర్లాండ్‌లో. టూర్‌లో పిల్లలు ఎగబడి తినే తియ్యటి ముక్కకి మాయా రాజుకి ఉన్న చుట్టరికం చాలా దూరం.

ఇంకొకటి. గైడు "ఇది మా తాతముత్తాతలు కట్టింది" అంటాడు. టొలెడోలోని కెక్చి జనం ఎక్కువ భాగం 19వ శతాబ్దంలో గ్వాటెమాలాలోని ఆల్టా వెరాపాజ్ నుంచి వచ్చారు. మోపాన్ అనే ఇంకో మాయా తెగ జనం 1880లలో గ్వాటెమాలాలోనే ఉన్న పెటెన్ నుంచి. అంతకుముందు అక్కడున్న మాంచె చోల్ ప్రజలను స్పానిష్‌వాళ్లు ఎప్పుడో తరిమేశారు. నిమ్ లి పునిట్ కట్టినవాళ్లు వేరు, ఇప్పుడు చాక్లెట్ నూరేవాళ్లు వేరు. ఈ రెండింటినీ ఒక రోజులో పక్కపక్కన పెడితే, చూసేవాళ్లు ఒకటే అనుకుంటారు. ప్యాకేజీకి కావాల్సింది కూడా అదే.

సరిహద్దు రాయి

పక్కా లెక్క గారూ, మీ చివరి పేరా ఎవరి నోట మొదట వచ్చిందో చెప్పనివ్వండి. బెలీజ్ ప్రభుత్వం నోట. టొలెడోలోని మాయా ఊళ్లు "ఈ భూములు మావి, మా ఆచారం ప్రకారం ఉమ్మడి హక్కు" అని కోర్టుకెక్కినప్పుడు ప్రభుత్వ న్యాయవాదుల వాదన ఇదే: వీళ్లు గ్వాటెమాలా నుంచి మొన్నమొన్న వచ్చిన వలసవాళ్లు. 2007లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి కాంటే ఆ వాదనను కొట్టేసి సాంటా క్రూజ్, కొనెహో ఊళ్ల పక్షాన తీర్పు ఇచ్చారు. 2010లో మిగతా ఊళ్లకూ అది వర్తించింది. 2015 ఏప్రిల్‌లో కరీబియన్ న్యాయస్థానం ఆ హక్కును ఖాయం చేసింది.

సరిహద్దు గీత తర్వాత గీశారు, మనుషులు ముందు నుంచే అటూ ఇటూ తిరిగేవారు. ఒకే అడవి, ఒకే దేవుళ్లు, దగ్గరి భాషలు, అదే మొక్కజొన్న, అదే కోకో. పెటెన్ నుంచి టొలెడోకి నడిచి వస్తే విదేశీయుడా? ఆ జిల్లాలోనే చెరకు తోటల పనికి 19వ శతాబ్దంలో తెచ్చిన భారతీయ కూలీల వారసులు కూడా ఉన్నారు, ఈస్ట్ ఇండియన్లు అంటారు. వాళ్లను పరాయివాళ్లు అనగలమా?

కాబట్టి నిమ్ లి పునిట్‌కి మాయా గైడుతో వెళ్లడం, మధ్యాహ్నం మాయా ఇంట్లో కూర్చోవడం అనే ఈ జత నాకు సరైనదే అనిపిస్తుంది. లేకపోతే "మాయాలు మాయమైపోయారు" అన్న డాక్యుమెంటరీ కథతోనే జనం ఇంటికెళ్తారు.

పక్కా లెక్క

భూమి హక్కు మీద నాకు మీతో ఏ తగాదా లేదు. తీర్పు సరైనదే. కానీ "ఈ నేల మీద మాకు హక్కుంది" అన్నది ఒకటి, "ఈ శిల చెక్కించిన రాజు మా వంశం" అన్నది ఇంకొకటి. మొదటిది నిలబడటానికి రెండోది అక్కర్లేదు. మంచి గైడు రెండూ విడదీసి చెప్పగలడు, వలస కథ కూడా చెప్పగలడు. అది చెబితే కథ ఇంకా బాగుంటుంది తప్ప తగ్గదు.

గైడు సరుకున్నవాడా కాదా తేల్చుకోవడానికి ఒక చిట్కా. దగ్గర్లోనే లుబాంటూన్ అనే ఇంకో శిథిల నగరం ఉంది. అడుసు లేకుండా, చెక్కిన రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు, మూలలు గుండ్రంగా ఉంటాయి. చాలా టూర్లు దాన్ని కూడా కలుపుతాయి. అక్కడ 1924లో స్ఫటిక పుర్రె దొరికిందని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికి దాన్ని 1943లో లండన్ వేలం సంస్థ ద్వారా కొన్నారు. దాని మీద ఉన్నవి ఆధునిక పరికరాల గీతలు. ఆ పుర్రె గురించి అడగండి. నవ్వేసి అసలు సంగతి చెబితే గైడు గట్టివాడు. గొంతు తగ్గించి రహస్యం మొదలెడితే, మిగతా మాటలు కూడా కొంచెం తగ్గించి వినండి.

మోడరేటర్

వాదన బాగుంది, సాగనివ్వండి. మనుషుల మీదికి మాత్రం పోవద్దు. ఒక కామెంట్ తీసేశాను.

కోకో తోట, ఏలూరు వైపు

ఇప్పుడుండేది డాలస్‌లో. ఊళ్లో మాకు కొబ్బరిలో అంతరపంటగా కోకో ఉంది. అందరూ రాజుల గురించి మాట్లాడుతున్నారు, నేను గింజ గురించి మాట్లాడతాను.

మా ఇంట్లో కాయ కోస్తాం, పగలగొడతాం, గింజలు పులియబెడతాం, ఎండబెడతాం, సంచిలో పోస్తాం. అక్కడితో మా పని సరి. తర్వాత ధర కంపెనీ చెప్పాలి, మనం వినాలి. 2024 డిసెంబరులో న్యూయార్క్ మార్కెట్‌లో టన్ను 12 వేల డాలర్లు దాటింది. అయినా 2025లో మా జిల్లా రైతులు గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కారు. ఇన్నేళ్లు కోకో పండించి, మా అమ్మ తన తోట గింజతో చేసిన చాక్లెట్ రుచి చూడలేదు.

టొలెడోలో చూసింది నన్ను అక్కడ పట్టేసింది. వాళ్లకూ ఒకప్పుడు కంపెనీ కథే. 1994లో వాళ్ల గింజతో 'మాయా గోల్డ్' అనే బార్ బ్రిటన్‌లో వచ్చింది. ఆ దేశంలో ఫెయిర్‌ట్రేడ్ ముద్ర, అంటే రైతుకి న్యాయమైన ధర ఇచ్చారన్న ముద్ర, పడ్డ మొదటి సరుకు అదే. మంచిదే, కానీ బార్ తయారైంది వేరే దేశంలో. ఇప్పుడు కొన్ని కుటుంబాలు తోట దగ్గరే బార్ దాకా చేస్తున్నాయి. కొనేవాడు తోటలోకే వస్తున్నాడు. టూర్ అంటే మీకు తంతు, ఆ ఇంటికి అది మార్కెట్ యార్డు. పైగా దళారీ లేని యార్డు.

అక్కడ ఆ ఇంటావిడ గింజలు పెనం మీద వేయించి, పొట్టు నలిపి చెరిగింది. తర్వాత మూడు కాళ్ల రాతి పలక మీద నూరడం. మన సన్నికల్లే అనుకోండి, కాకపోతే ముందుకు వాలుగా ఉంటుంది, మోకాళ్ల మీద కూర్చుని నూరాలి. మొదటి రెండు మూడు తోపులకి పొడి. తర్వాత గింజలోని వెన్న కరిగి రాయి తడిసినట్టు మెరుస్తుంది. ఇంకాస్త నూరితే ముద్ద జారుతుంది. నీళ్ల చుక్క పోయలేదు. నన్ను నూరమన్నారు. నా చేతి కింద పొడి పొడిగానే ఉండిపోయింది, పక్కనున్న పదేళ్ల పాప నవ్వింది. ఆ ముద్దలో వేడినీళ్లు, కాస్త మిరప కలిపి ఇచ్చారు. పంచదార విడిగా పెట్టారు, కావాలంటే వేసుకోమని. పక్కా లెక్క గారి పేచీ అక్కడ తీరినట్టే.

అయితే అన్ని తోటలూ అలా ఉండవు. బుక్ చేసే ముందు ఈ రెండు ప్రశ్నలు అడగండి: తోట ఆ కుటుంబానిదేనా, టూర్ కంపెనీ అద్దెకు తీసుకున్న వేదికా? మనిషికి ఇచ్చే డబ్బులో భోజనానికీ, చాక్లెట్‌కీ ఆ ఇంటికి ఎంత వెళ్తుంది? జవాబు సూటిగా రాకపోతే వేరే తోట చూసుకోండి.

ఊళ్లో తోటలున్నవాళ్లకి ఇంకో మాట. అక్కడ కోకోకి మోనీలియా అనే బూజు తెగులు ఉంది. కాయ మీద తెల్లటి పొడి పరుచుకుని లోపల గింజంతా పాడవుతుంది. మన దేశంలో అది లేదు. ముచ్చటపడి కాయో, పచ్చి గింజో జేబులో వేసుకుని తర్వాత ఇండియాకి తేవద్దు. తోటలో తిరిగిన చెప్పులు కూడా కడిగేయండి. బార్ తెచ్చుకోండి, దాంతో ఏ ఇబ్బందీ లేదు.

రాతిరాత

కోకో తోట గారూ, మీ మాట ఒప్పుకుంటాను, కానీ మీరు చెప్పింది చాక్లెట్ టూర్ గొప్పదని. శిథిలాలను దానికి తోకగా తగిలించాలని కాదు. రెండింటికీ చెరో రోజు ఇవ్వండి అంటున్నాను నేను. మీరు తోటలో సగం రోజు గడిపారు కాబట్టే ఆ ముద్ద జారేదాకా చూడగలిగారు.

కోకో తోట, ఏలూరు వైపు

అక్కడికి మీదే పైచేయి. కానీ సెలవులు తక్కువ, అత్తగారు, పిల్లలు ఉన్న ఇంటికి టొలెడోకి రెండుసార్లు మూడేసి గంటలు రానూపోనూ అంటే కష్టం. ఇచ్చిన ఒక్క రోజునే సరిగ్గా పంచమందాం.

కారం కాఫీ

హంస గారూ, భోజనం సంగతి. మామూలుగా పెట్టేది కాల్డో, అంటే నాటుకోడి పులుసు, మొక్కజొన్న రొట్టెలు. శాకాహారం అని ముందే, రాతపూర్వకంగా చెప్పండి. "కోడి తీసేసి పులుసు పోస్తాం" అంటే ఒప్పుకోవద్దు. చిక్కుడు గింజలు, చోచో కూర అడగండి. చోచో అంటే మన బెంగుళూరు వంకాయే, అత్తయ్యగారికి కొత్త కాదు. శిథిలాల దగ్గర మెట్లు, వాలు దారి ఉన్నాయి, కర్ర ఉంటే పట్టుకెళ్లండి. దోమల మందు మర్చిపోవద్దు. గేటు దగ్గర ఇండియన్ క్రీక్ ఊరి ఆడవాళ్లు బుట్టలు, పూసలు అమ్ముతారు, చిల్లర ఉంచుకోండి. రెండు బెలీజ్ డాలర్లకి ఒక అమెరికా డాలర్, అక్కడ ఏదైనా నడుస్తుంది.

హ్యూస్టన్ హంస

అందరికీ థ్యాంక్స్ అండీ. మీ ప్రశ్నలు యథాతథంగా టూర్ వాళ్లకి పంపాను. తోట ఆ కుటుంబానిదేనట, భోజనం డబ్బు నేరుగా వాళ్లకే ఇవ్వొచ్చన్నారు. శిథిలాల దగ్గర రెండు గంటలు కావాలంటే పొద్దున ఆరుకే బయల్దేరాలట. పిల్లల్ని అంత పొద్దున్నే లేపడం నా టెన్షన్. లుబాంటూన్ కూడా కలుపుతామన్నారు, వద్దన్నాను. మావారు ఇంకా పూర్తిగా మెత్తబడలేదు. "రెండు గంటలు కాగితం మీద రాసివ్వమను, అప్పుడు చూద్దాం" అంటున్నారు.

రాతిరాత

రాసివ్వమనే అడగండి. 14వ శిల ముందు కనీసం అరగంట.

పక్కా లెక్క

లుబాంటూన్ వెళ్లకపోయినా పుర్రె గురించి మాత్రం అడగండి. గైడు ఏం చెప్పాడో వచ్చాక ఇక్కడ రాయండి.