పాత స్టీలు సైకిల్: ఫ్రేమ్ లోపలి తుప్పుకు ఏం చేయాలి? (నెదర్లాండ్స్)

డెల్ఫ్ట్ నుంచి, కొత్తగా వచ్చిన విద్యార్థి:
అందరికీ నమస్కారం. మాస్టర్స్ చదవడానికి ఈ మధ్యే డెల్ఫ్ట్ వచ్చాను. పాత గజెల్ సైకిల్ ఒకటి కొన్నాను. వంపు హ్యాండిల్‌ది, ఫ్రేమ్ మీద రెనాల్డ్స్ 531 అన్న స్టిక్కర్ ఉంది. సీటు రాడ్డు బయటికి లాగితే గోధుమరంగు పొడి అంటుకుని వచ్చింది. అమ్మినాయన "పాతవాటికి మామూలే" అన్నాడు. రంగు వేయడానికి వీల్లేని చోట తుప్పును ఎలా ఆపుతారు? రాత్రిళ్లు సైకిల్ బయటే ఉంటుంది.

ఉట్రెక్ట్ నుంచి:
తమ్ముడూ, పొడి రాలితే కంగారు పడకు. పెచ్చులు రాలితేనే ఆలోచించాలి. సీటు గొట్టంలోకి ఫోన్ లైటు వేసి చూడు. ఆ తరువాత సైకిల్ తిరగేసి, పెడళ్ల ఇరుసు ఉండే అడ్డ గొట్టం చూడు. నీళ్లు ఎటునుంచి దూరినా చివరికి చేరేది అక్కడికే. దాని అడుగున గానీ, అక్కడినుంచి వెనక చక్రానికి పోయే సన్న గొట్టాల మొదట్లో గానీ రంగు పొక్కులా లేచి, స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగిందంటే ఇక ఆ ఫ్రేమ్ మీద ఖర్చు దండగ.

మంచి ఉక్కు కదా తుప్పు పట్టదులే అనుకోవద్దు. 531 అంటే మాంగనీసు, మాలిబ్డినం కలిపిన ఉక్కు, స్టెయిన్‌లెస్ కాదు. 1935 నుంచి ఉన్న రకం. బరువు తగ్గించడానికి గొట్టం గోడను మధ్యలో పలుచగా లాగుతారు, చాలా ఫ్రేములలో అది అర మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. ఇక్కడ అందరూ తొక్కే బరువైన ఓమాఫీట్స్ రకం సైకిల్‌కు ఈ బాధ లేదు. దాని గోడ మందం, దశాబ్దాలు వానలో నానినా నిలబడుతుంది. నీది అది కాదు కాబట్టి ఒక సాయంత్రం కేటాయించు.

ఐండ్‌హోవెన్ నుంచి:
పై మాటలతో ఏకీభవిస్తున్నాను. నన్నడిగితే మందు కంటే ముందు నీటి దారులు చూడాలి.

సీటు గొట్టం పైన వెనకవైపు నిలువు చీలిక ఉంటుంది, బోల్టు బిగిస్తే రాడ్డును పట్టుకునేది. వెనక మడ్‌గార్డు లేకపోతే చక్రం చిమ్మే నీళ్లు తిన్నగా ఆ చీలికలోకే పోతాయి. చలికాలంలో సైకిల్ బాటల మీద మంచు పట్టకుండా ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీరు కూడా అందులోకే. విశాఖలో సముద్రం ఎదురుగా ఉన్న ఇళ్ల ఇనుప గేట్ల సంగతి తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. కాబట్టి ముందు పూర్తి పొడవు మడ్‌గార్డులు కొనండి. పాత ట్యూబు ముక్క ఒకటి కోసి, ఆ చీలికను కప్పేలా సీటు రాడ్డుకు తొడగండి.

ఇక నీళ్లు పోయే దారి. ఇరుసు గొట్టం అడుగున చిన్న రంధ్రం ఉందేమో వెతకండి. ఉంటే మట్టి, గ్రీజు పట్టి పూడిపోయి ఉంటుంది, పాత స్పోకు కొనతో పొడిచి తెరవండి. లేకపోతే ఇరుసు విప్పించి దుకాణంలో ఒకటి వేయించండి. నీళ్లు దూరే దారులన్నీ మూసినా గాలిలోని తేమ లోపల చెమటలా పడుతుంది, అది కారిపోవాలి కదా.

డెల్ఫ్ట్ నుంచి:
ధన్యవాదాలు అక్కా. మడ్‌గార్డులు ఇవాళే చూస్తాను. మా గదిలో ఒకరు డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టేయమంటున్నారు. ఇంకొకరు ఇంటి నుంచి తెచ్చుకున్న కొబ్బరినూనె చాలంటున్నారు. ఏదైనా నూనే కదా?

ఉట్రెక్ట్ నుంచి:
కొబ్బరినూనె తలకు రాసుకోమను. ఇక్కడి చలికి అది గడ్డకట్టి ఉన్నచోటే ఉంటుంది, ఎప్పటికీ పొరలా ఎండదు. డబ్ల్యూడీ-40 పుట్టిందే తుప్పు ఆపడానికి, 1953లో. మొదట వాడింది అట్లాస్ మీద. మన సోనీపట్ సైకిల్ కాదు, అమెరికా క్షిపణి. అయితే అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకమే, మిగిలే పొర పలుచన. బిగుసుకున్న బోల్టు వదలడానికి దాన్ని దాచుకో.

కావలసింది అవిసె నూనె. గామా, ప్రాక్సిస్ లాంటి ఇంటి మరమ్మతు సామాను దుకాణాల్లో "గెకోక్తె లెయిన్‌ఓలీ" అని, అంటే ఉడికించిన అవిసె నూనె అని అడుగు. పచ్చిది తీసుకుంటే ఆరడానికి వారాలు పడుతుంది.

ఐండ్‌హోవెన్ నుంచి:
అవిసె నూనె పని చేస్తుంది, కాదనను. కానీ విద్యార్థుల ఇంట్లో నేనైతే వద్దంటాను. ఆ నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేస్తే, నూనె గాలితో కలిసి వేడెక్కి, అగ్గిపుల్ల అవసరం లేకుండానే అంటుకుంటుంది. వాడి తీరాలంటే గుడ్డలను నీళ్లలో తడిపి ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. చెత్తబుట్టలో వేయకూడదు.

కార్ల తలుపుల లోపల కొట్టే మైనం స్ప్రే మేలు. టెక్టిల్ ఎంఎల్ లాంటిది, కార్ల సామాను దుకాణాల్లో దొరుకుతుంది. దానితోపాటు సన్నని పొడుగాటి గొట్టం తీసుకోండి, అది లేకపోతే మైనం మూల మూలకూ చేరదు.

సీటు రాడ్డు, ఫోర్కు, ఇరుసు తీసేసి ఫ్రేమ్‌ను నాలుగు రోజులు గదిలో వెచ్చగా ఆరనివ్వండి. తడి మీద మైనం కొడితే తడిని లోపల బంధించినట్టే. ఇరుసు గొట్టం మరలకు టేపు వేయండి. సీటు గొట్టం, హ్యాండిల్ గొట్టం, వెనక సన్న గొట్టాలకు చివర ఉండే సూదిబెజ్జాలు, సీసా బిగించే బోల్టుల రంధ్రాలు, అన్నిటిలోంచి కొట్టండి. కొడుతూ ఫ్రేమ్‌ను బోర్లా, వెల్లకిలా, పక్కలకు తిప్పుతూ ఉండండి. రాత్రంతా బాల్కనీలో కార్డుబోర్డు మీద కారనివ్వండి. మర్నాడు అడుగు రంధ్రం మళ్లీ పొడవండి, మైనంతో పూడిపోయి ఉంటుంది. మిగిలిన డబ్బాను సింకులో ఒంపవద్దు, మున్సిపాలిటీ చెత్త సేకరణ కేంద్రంలో (మిలియూస్ట్రాట్) ఇవ్వండి.

సీటు రాడ్డు అల్యూమినియందైతే గ్రీజు రాసి పెట్టండి, ఏడాదికి రెండుసార్లు తీసి మళ్లీ రాయండి. ఉక్కుకూ అల్యూమినియానికీ మధ్య తడి చేరితే రెండూ అతుక్కుపోతాయి. అప్పుడు రంపమే గతి.

డెల్ఫ్ట్ నుంచి:
మైనమే కొంటాను. ఇరుసు ఎటు తిప్పితే ఊడుతుంది? కుడివైపు ఉన్నది ఎంత తిప్పినా కదలడం లేదు.

ఉట్రెక్ట్ నుంచి:
బలం పెట్టకు, ఆగు! ఇంగ్లిష్ మర అయితే గొలుసు వైపుది తలకిందులు. గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితే ఊడుతుంది. ఎడమవైపుది మామూలే. ఇటాలియన్ మర అయితే రెండూ మామూలే, ఇరుసును పట్టి ఉంచే మర బిళ్ల (కప్పు) మీద రాసి ఉంటుంది చూడు. శనివారం డెల్ఫ్ట్‌లో పని ఉంది, దాన్ని విప్పే సాధనం తెస్తాను. అప్పటిదాకా రాత్రి పూట డబ్ల్యూడీ-40 దాని అంచుల చుట్టూ కొట్టి వదిలెయ్యి.