బ్రెయిన్‌స్టెమ్ (మెదడు కాండం) నిద్ర మోడల్‌లో అలల ఎత్తు నిలకడగా రావట్లేదు, సాయం చేయగలరా?

గుంటూరులో ఫిజియాలజీ పీజీ చేస్తున్నాను. సెమినార్ కోసం మెక్‌కార్లీ, హాబ్సన్ 1975లో ఇచ్చిన మోడల్‌ని పైథాన్‌లో రాస్తున్నా. మెలకువలో చురుగ్గా ఉండి, గాఢనిద్రలో నెమ్మదించి, కలలొచ్చే ఆర్‌ఈఎమ్ దశలో దాదాపు ఆగిపోయే లోకస్ సెరూలియస్ (మెదడు కాండంలోని ఒక చిన్న భాగం) కణాలు ఒకవైపు, ఆ దశలో చురుకెక్కే కణాలు మరోవైపు, రెండింటినీ లోట్కా-వోల్టెరా సమీకరణాలతో (వేటాడే జంతువు, ఎర సంఖ్యలు ఒకదానివల్ల ఒకటి పెరుగుతూ తగ్గుతూ పోయే లెక్క) కలిపారు కదా, అదే.

నాలుగు స్థిరాంకాలూ నిమిషానికి 0.07 పెట్టాను. రెండు రకాల కణాల చురుకుదనం విలువలూ 1 దగ్గర మొదలుపెడితే గీత సమంగా పోతుంది, కదలికే లేదు. 0.9 పెడితే సుమారు 90 నిమిషాలకో చిన్న అల, బాగానే ఉంది. 0.1 పెడితే మాత్రం సూదుల్లాంటి శిఖరాలు వస్తున్నాయి, వ్యవధి కూడా 90 దాటిపోతోంది. సమీకరణాలను అంచెలంచెలుగా లెక్కగట్టే ఆయిలర్ పద్ధతిలో అల పెరుగుతూ పోయేది, అంతకన్నా కచ్చితమైన రుంగే-కుట్టా పద్ధతికి మారాక ఆ గొడవ తీరింది, కానీ స్టెప్ ఇంకా తగ్గించినా, స్థిరాంకాలు మార్చినా ఎత్తు మాత్రం మొదటి విలువనే పట్టుకుని ఉంటోంది. అసలు నిద్ర అలా ఉండదు కదా, ఏ స్థితిలో పడుకున్నా కాసేపటికి తన లయలోకి వచ్చేస్తుంది.

ఎక్కడి నుంచి మొదలెట్టినా అల ఒకే ఎత్తుకి స్థిరపడి, 90 నిమిషాల వ్యవధి చెడకుండా ఉండాలంటే ఏ సమీకరణంలో ఏ పదం చేర్చాలి?