డాక్టర్ ‘పెద్దాపరేషన్’ అంటే వెంటనే సంతకం పెట్టాలా?

సూర్యాపేట చెల్లెలు:
నాకు 37వ వారం, తొలి కాన్పు. మొన్న స్కానింగ్ చూసి, నేను చూపించుకునే ప్రైవేటు దవాఖానాలో డాక్టరమ్మ “బిడ్డ మెడకు పేగు చుట్టుకుంది, సోమవారం ఆపరేషన్ చేసేద్దాం” అన్నారు. ఇంకేదో అడుగుదామనుకునేలోపే తర్వాతి పేషెంట్‌ని పిలిచేశారు. “డబ్బుల కోసమే కోస్తారు, ఒప్పుకోకు” అంటోంది అత్తమ్మ. “డాక్టర్ కంటే మనకెక్కువ తెలుసా?” అంటున్నారు మా ఆయన. నాకు రాత్రుళ్లు నిద్ర లేదు.

కరీంనగర్ కోడలు:
మీ అత్తమ్మ అనుమానం ఊరికే పుట్టింది కాదమ్మా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 81.5. దేశం మొత్తం మీద 21.5. మన దగ్గర ఆడవాళ్లకే ఇన్ని ప్రమాదాలు వస్తాయా? నా రెండు కాన్పులూ ఆపరేషన్లే. మొదటిది ఎందుకు చేశారో ఇప్పటికీ నాకు తెలియదు. డిశ్చార్జ్ కాగితం మీద ఒక్క ముక్క కూడా అర్థమయ్యేలా లేదు.

లేబర్ రూమ్ నర్సు:
పదకొండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, కాబట్టి రెండు వైపులా చెబుతాను. మెడకు పేగు చాలామంది బిడ్డలకు ఉంటుంది. అదొక్కటే ఆపరేషన్‌కు కారణం కాదు, మామూలు కాన్పులో కూడా తల రాగానే తీసేస్తాం. కానీ అంతా డబ్బే అనకండి. చిన్న నర్సింగ్ హోముల్లో ఉండేది ఒక్క డాక్టరమ్మ. తొలి కాన్పు నొప్పులు పన్నెండు, పద్నాలుగు గంటలు పడతాయి. రాత్రంతా పక్కన కూర్చుని బిడ్డ గుండె చూసే మనిషి ఉండరు, మత్తు డాక్టర్‌ని బయటి నుంచి పిలిపించాలి. ఏదైనా తేడా వస్తే అద్దాలు పగలగొడతారని భయం. అందుకే పగటిపూటే కానిచ్చేస్తారు. ఇక పంతులుగారి దగ్గర రాయించుకున్న ముహూర్తం చీటీతో వచ్చే ఇళ్లవాళ్లు కూడా తక్కువేం కాదు.

ఖమ్మం అన్న:
నమ్మకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. మా చెల్లెలికి ఉమ్మనీరు పచ్చగా వచ్చింది, బిడ్డ గుండె తగ్గుతోందన్నారు. “ఇదే నాటకం అందరి దగ్గరా ఆడతారు” అని మా బాబాయి ఫారం మీద సంతకం పెట్టనివ్వలేదు. గంటన్నర పోయింది. బిడ్డ ఏడవకుండా పుట్టాడు, పదకొండు రోజులు అద్దాల పెట్టెలో ఉన్నాడు. బతికాడు. బాబాయి ఇప్పటికీ వాడిని ఎత్తుకోవడానికి జంకుతాడు. నొప్పుల్లో ఉన్నప్పుడు వాదన పెట్టుకోకండి. అడగాల్సింది ముందే అడగండి.

కరీంనగర్ కోడలు:
అన్నా, మీ మాట కాదనను. అయితే మీ బాబాయికి ఆ అనుమానం ఎక్కడి నుంచి వచ్చింది? నాలాంటి వాళ్ల కథలు విని విని వచ్చిందే. చెల్లీ, నీకింకా టైముంది. స్కాన్ రిపోర్టు పట్టుకుని ఇంకో డాక్టర్‌కి చూపించు. కేసు కాగితాలు కావాలని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. నాకది మూడేళ్ల తర్వాత తెలిసింది.

లేబర్ రూమ్ నర్సు:
వెళ్లినప్పుడు “ఆపరేషన్ అవసరమా?” అని అడగొద్దు తల్లీ, అవసరమేనంటారు. “నొప్పుల కోసం ఇంకో వారం ఆగితే ఏ ప్రమాదం ఉంటుంది?” అని అడుగు.

సూర్యాపేట చెల్లెలు:
ఈ రోజు వెళ్లొచ్చాను. నర్సక్క చెప్పినట్టే అడిగాను. ముందు కొంచెం విసుక్కున్నారు. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని కాగితం మీద రాసి చూపించారు. స్కానింగ్‌లో ఉమ్మనీరు కొలత పోయిన నెల 11 ఉంది, ఇప్పుడు 6. “పేగు ఒక్కటే అయితే ఆగేదాన్ని, నీరు తగ్గుతోందని భయపడుతున్నాను” అన్నారు. ఈ ముక్క మొన్ననే చెప్పి ఉంటే మా ఇంట్లో ఇంత గొడవ జరిగేది కాదు. గురువారం మళ్లీ స్కాన్. ఇంకా తగ్గితే సంతకం పెడతాను. ఆ కాగితం అత్తమ్మకి చూపించాను. రెండుసార్లు చదివించుకుని, “గురువారం నేనూ వస్తా పద” అంది.