మన నగరానికి ఒకే హరిత ప్రణాళికా, లేక ఒక్కొక్క పనీ తేల్చుకుంటూ పోవడమా? (విశాఖ)

గెడ్డగట్టు:
మా కాలనీ సంఘంలో ఒక వాదన ఎన్నిసార్లు కూర్చున్నా తెగడం లేదు. మన నగరపాలక సంస్థ జీవీఎంసీకి వినతిపత్రం ఇవ్వాలనుకున్నాం. కరెంటు, బస్సులు, చెత్త, నీళ్లు, ఇళ్లు అన్నీ కలిపి విశాఖకు ఒకే హరిత ప్రణాళిక వేయించండి, దానికి బయటి నిపుణుల సాయం తీసుకోండి అని సగం మంది అంటున్నారు. అదంతా కాగితాల ఖర్చు, ఏదో ఒక పని పట్టుకుని పూర్తి చేయించుకుందాం అని మిగతా సగం. నేను మొదటి పక్షం.

2021లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ వాతావరణ మార్పుల విషయంలో నగరాలకు రేటింగ్ ఇచ్చింది. మొత్తం 28 అంశాలు. మన ఊరికీ, విజయవాడకూ నాలుగు నక్షత్రాలు వచ్చాయి. సంతోషమే. కానీ మార్కులు అంశాలవారీగా పడతాయి. ఒక శాఖ చేసిన పని ఇంకో శాఖ పనికి అడ్డం పడుతోందా అన్నది ఆ పట్టికలో కనపడదు.

చెత్త సంగతే చూడండి. కాపులుప్పాడ దగ్గర చెత్తతో కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంటు ఉంది. దానికి కావలసింది బాగా మండే పొడి చెత్త: ప్లాస్టిక్, అట్టముక్కలు, గుడ్డలు. ఇంటి ముందుకొచ్చే బండి దగ్గర మాత్రం ఆ ప్లాస్టిక్కూ కాగితమూ రీసైక్లింగ్‌కు పోవాలి, వేరు చేసి ఇవ్వండి అంటారు. ఘన వ్యర్థాల నియమాల ప్రకారం తిరిగి వాడలేనిదే పొయ్యిలోకి పోవాలి. మనం వేరు చేయడం ఎంత బాగా నేర్చుకుంటే ప్లాంటుకు అంత తక్కువ సరుకు. నేర్చుకోకపోతే బీచ్ రోడ్డు కొబ్బరి బొండాలు, హోటళ్ల మిగులు అన్నం కలిసి వెళ్లి పొయ్యి సరిగ్గా మండదు. రోజుకు ఎన్ని టన్నులు కంపోస్టుకు, ఎన్ని రీసైక్లింగ్‌కు, ఎన్ని పొయ్యికి అన్నది అందరూ ఒకచోట కూర్చుని తేల్చాలా వద్దా? ఉమ్మడి ప్రణాళిక అని నేను అడుగుతున్నది దీన్నే.

పాత ఇంజనీరు:
నా ఉద్యోగమంతా మున్సిపాలిటీల్లోనే గడిచింది. నేను రెండో పక్షం అండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. స్తంభాలు విరిగిపోయాయి, ఊరంతా చీకటి. ఆ తర్వాత కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ వచ్చి దాదాపు 90 వేల వీధి దీపాలను ఎల్ఈడీలకు మార్చింది. పెట్టుబడి వాళ్లది. తగ్గిన కరెంటు బిల్లులో మిగిలిన డబ్బుతో కార్పొరేషన్ ఏటా వాయిదాలు కట్టింది. 2015 జనవరిలో దేశమంతటికీ ఎల్ఈడీ వీధి దీపాల పథకం మొదలైనప్పుడు చూపించడానికి విశాఖ ఉంది. అప్పుడు ఏ ఉమ్మడి ప్రణాళికా లేదు. ఒకే పని, ఒకే అగ్రిమెంటు, తిరిగొచ్చే డబ్బు.

ప్రణాళికలు ఎలా తయారవుతాయో కూడా చెబుతాను. సలహా సంస్థ వాళ్లు వచ్చి లెక్కలు అడుగుతారు. పంపుహౌసు కరెంటు బిల్లులు, చెత్త లారీల డీజిలు బిల్లులు, కొత్త ఇళ్ల ప్లాన్లు, అన్నీ మా ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) వెతికి ఇస్తారు. కొన్నాళ్లకు అందమైన పుస్తకం వస్తుంది. ఈలోగా కమిషనర్ బదిలీ. కొత్తాయన వేరే సంస్థను పిలుస్తారు, మళ్లీ అవే బిల్లులు. ఎస్టిమేటు వేసి, టెండరు పిలిచి, చేసిన పని కొలతలు రాసే ఎం బుక్‌లో ఎక్కించిన పనే మున్సిపాలిటీలో పని. మిగిలింది బీరువాలోకి పోతుంది.

బస్సుపాస్:
పాత ఇంజనీరు గారూ, ఎల్ఈడీ అంత త్వరగా ఎందుకయిందంటే వీధి దీపం పూర్తిగా కార్పొరేషన్ చేతిలో ఉంది కాబట్టి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు 18 అంశాలు ఇచ్చారు. పదిహేడోది చూడండి: వీధి దీపాలు, పార్కింగు, బస్ స్టాపులు, మరుగుదొడ్లు. బస్ స్టాపు మున్సిపాలిటీది. ఆ 18 అంశాల్లో ఎక్కడా బస్సు లేదు, అది ఆర్టీసీది. ఇంటింటికీ వెళ్లే కరెంటూ లేదు, అది పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్‌ది. నగరం ఎటు పెరగాలో గీసే మాస్టర్ ప్లాన్ ప్రాంతీయ అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏది.

2023లో కేంద్రం పీఎం ఈ-బస్ సేవా ప్రకటించింది, దేశం మొత్తానికి 10 వేల బస్సులు. అందులో మన ఊరూ ఉంది. బస్సు రావడం ఒక్కటే చాలదు కదా. డిపోలో ఛార్జింగ్‌కు పెద్ద లైను, ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. రాత్రి అన్నీ ఒకేసారి ప్లగ్ పెడితే ఫీడర్ తట్టుకోవాలి. ఆ కరెంటు పరవాడ దగ్గరి సింహాద్రి ప్లాంటు బొగ్గు నుంచి వస్తే పొగ సిరిపురం నుంచి పరవాడకు మారిందంతే. బస్సు దిగాక నడిచే ఫుట్‌పాత్ మీద బళ్లు పెట్టి ఉంటే జనం మళ్లీ స్కూటరే తీస్తారు. నాలుగు ఆఫీసుల పని ఇది. ఏ ఒక్కరి ఎం బుక్‌లోనూ పట్టదు.

ముంబై సంగతి వేరు. అక్కడ బస్సులు నడిపే బెస్ట్ సంస్థ మున్సిపల్ కార్పొరేషన్‌దే, దక్షిణ ముంబైకి కరెంటు ఇచ్చేదీ అదే. వాళ్లు 2022లో 2050 లక్ష్యంగా వాతావరణ ప్రణాళిక తెచ్చి, 2024లో బడ్జెట్‌తో పాటు వాతావరణ బడ్జెట్ కూడా పెట్టారు. ఏ పద్దులో ఎంత ఈ పనికి పోతోందో అందులో కనపడుతుంది. అధికారం ఉన్నచోట ప్రణాళికకు కాళ్లు వస్తాయి. మనం ముందు అడగాల్సింది ఆ అధికారం.

మర్రిపాలెం వాసి:
రాజ్యాంగ సవరణ దాకా ఎందుకండీ, మా వార్డు సచివాలయానికి రండి. శానిటేషన్ అండ్ ఎన్విరాన్‌మెంట్ సెక్రటరీ, ప్లానింగ్ సెక్రటరీ, ఎమినిటీస్ సెక్రటరీ, ఎనర్జీ సెక్రటరీ, అందరూ ఒకే కప్పు కింద కూర్చుంటారు. మీరు కోరుకునే కలయిక 2019 నుంచీ అక్కడ ఉంది. కానీ ఒక్కొక్కరి పై అధికారి ఒక్కో ఆఫీసులో. పైనుంచి ఒత్తిడి, కింద నుంచి జనం, ఆ పిల్లలు అడకత్తెరలో పోకచెక్కలు. వాళ్లు నలుగురూ కలిసి మా వార్డుకు ఒక పేజీ రాయగలరు. ఎవరూ అడగలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది వేరే ఉంది. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో పాటు చెత్త పన్ను వచ్చింది. 2024 అక్టోబరు 2న దాన్ని ఎత్తేస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. వసూలు చేసినన్నాళ్లూ ఆ డబ్బు దేనికి పోతోందో మా వీధిలో ఎవరికీ తెలియదు, అందుకే అంత కోపం. రేపు ఈ ప్రణాళికకూ డబ్బు కావాలంటారు. ఎవరి దగ్గర వసూలు చేస్తారు? ఇంకోటి, చిత్తు కాగితాలు, సీసాలు ఏరుకుని బతికేవాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉన్నారు! పొడి చెత్త అంతా బండెక్కి పొయ్యిలోకి పోతే వాళ్ల కూడు పోతుంది. నిపుణుల లెక్కల్లో టన్నులుంటాయి, కిలోవాట్లుంటాయి. వాళ్లు ఉంటారా?

ఆర్హుస్ నుంచి:
డెన్మార్క్‌లో ఉంటున్నాను, మాది గాజువాక. ఇక్కడ చూసింది చెబుతాను.

ఇది చలి దేశం. 1979లో ఉష్ణ సరఫరా చట్టం చేసి, ఇళ్లను వెచ్చగా ఉంచడానికి ఏ పేటకు ఏ రకం వేడి ఇవ్వాలో మ్యాపు గీసే బాధ్యత ఈ దేశంలో మున్సిపాలిటీల మీద పెట్టారు. ఇవాళ మూడింట రెండొంతుల దాకా ఇళ్లకు వేడి నీళ్లు ఉమ్మడి పైపుల్లో వస్తాయి. ఆ పైపుల సంస్థలు చాలావరకు మున్సిపాలిటీలవో, వాడుకునేవాళ్ల సహకార సంఘాలవో. అంటే బస్సుపాస్ గారి మాట నిజం, చేతిలో అధికారం ఉండాలి. అయితే అధికారం ఉన్నా చిన్న మున్సిపాలిటీకి నిపుణుల్ని పెట్టుకునే స్తోమత ఉండదు. 2019లో డీకే2020 అని 20 మున్సిపాలిటీలతో ఒక కార్యక్రమం మొదలైంది. ప్రణాళిక రాయాల్సింది మున్సిపాలిటీ ఉద్యోగులే. పక్కన కూర్చుని చూపించడానికి నిపుణులు, తోటి ఊళ్లవాళ్లతో మాట్లాడుకోవడానికి సమావేశాలు. తర్వాత 98 మున్సిపాలిటీల్లో దాదాపు అన్నీ చేరాయి. పాత ఇంజనీరు గారు చెప్పిన బీరువా సమస్యకు నాకు కనిపించిన మందు ఇదే. రాసినవాళ్లు ఆఫీసులోనే ఉంటారు.

కోపెన్‌హాగెన్ సంగతీ చెప్పాలి. 2025కల్లా కార్బన్ లెక్క సున్నాకు తెస్తామని 2012లో గొప్పగా ప్రణాళిక వేసుకున్నారు. 2022లో ఆ లక్ష్యాన్ని వదులుకున్నారు. చెత్త కాల్చే ప్లాంటు పొగ నుంచి కార్బన్ పట్టే ఏర్పాటు మీద చాలా ఆశ పెట్టుకున్నారు, దానికి నిధులు రాలేదు. కాపులుప్పాడ గురించి రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

పాత ఇంజనీరు:
ఆర్హుస్ గారు చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. అయినా అన్నీ కలిపి రాయడం మీద నా అభ్యంతరం అలాగే ఉంది. రెండు పనులు తగులుకునే చోట్లు మాత్రమే పట్టుకోండి.

వాన నీళ్లు చూడండి. పాత రోడ్డు గీకకుండా దాని మీదే కొత్త సీసీ పోస్తారు. రోడ్డు జానెడు లేస్తుంది, ఇంటి గడప కిందికి పోతుంది. పక్క కాలువ మాత్రం పాత లోతులోనే. ఆ కాలువ గెడ్డలో (కొండ నీళ్లు దిగే వాగులో) కలిసే చోట నీళ్ల పైపొకటి, కేబులొకటి అడ్డంగా పోతాయి. వాటికి కవర్లు తట్టుకుని ఆగుతాయి. గంట వాన పడితే నీళ్లు వెనక్కి తన్ని ఇళ్లలోకి. రోడ్డు వేసినవాడి బిల్లు పాసయింది, పైపు వేసినవాడిదీ పాసయింది. కొండ మీది నుంచి సముద్రానికి దిగే ఊరు మనది. గెడ్డలే దాని నరాలు. రోడ్డు ఎస్టిమేటు మీద డ్రైనేజీ ఇంజనీరు సంతకం లేకుండా టెండరు పిలవకూడదని ఒక్క నియమం పెట్టించండి. దానికి నిపుణుడు అక్కర్లేదు, సర్క్యులర్ చాలు.

బస్సుపాస్:
సర్క్యులర్ ఇంజనీరింగ్ విభాగం లోపల పనిచేస్తుంది సార్. ఆర్టీసీకి సర్క్యులర్ ఇచ్చే అధికారం జీవీఎంసీకి లేదు.

గెడ్డగట్టు:
ఇన్ని మాటలు విన్నాక కూడా ఉమ్మడి ప్రణాళిక కావాలనే నేనంటాను. కాకపోతే ఏమని అడగాలో ఇప్పుడు స్పష్టంగా ఉంది. వినతిపత్రం ఇలా మారుస్తాను.

సాయానికి వచ్చే సంస్థ పుస్తకం ఇచ్చి వెళ్లిపోవడానికి వీల్లేదు. దాని మనుషులు కార్పొరేషన్ ఆఫీసులోనే మన ఏఈలతో కూర్చోవాలి, రాసేది మన ఉద్యోగులే. ఆర్టీసీ, ఈపీడీసీఎల్, వీఎంఆర్‌డీఏ, జీవీఎంసీ మూడు నెలలకోసారి కలెక్టర్ దగ్గర కలవాలి, ఆ మినిట్స్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. చట్టం మారేదాకా మనకున్న దారి అది. ముంబైలా బడ్జెట్‌తో పాటే ఈ లెక్కా కౌన్సిల్ ముందుకు రావాలి. చెత్త విషయంలో రీసైక్లింగ్‌కు పోయే టన్నులు ముందు తేల్చి, మిగిలిందే ప్లాంటుకు అనాలి, ఏరుకునేవాళ్లకు గుర్తింపు కార్డులిచ్చి పొడి చెత్త కేంద్రాల్లో పని చూపించాలి. కొత్త రుసుము పెడితే వార్డువారీగా జమాఖర్చు గోడ మీద అతికించాలి.

మర్రిపాలెం గారూ, మీ సచివాలయంలో ఆ నలుగురినీ కూర్చోబెట్టి ఒక పేజీ రాయించగలరా? నమూనాగా జత చేద్దాం. గెడ్డల పేరా పాత ఇంజనీరు గారే రాయాలి.

మర్రిపాలెం వాసి:
అడుగుతాను. సాయంత్రం నాలుగు తర్వాత కాస్త ఖాళీగా ఉంటారు. ఏరుకునేవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లను కూడా పిలుస్తాను, వాళ్ల మాట వాళ్లే చెప్పుకోవాలి.

పాత ఇంజనీరు:
రాస్తాను. ఒక షరతు. గెడ్డ పేరు, ఏ వీధి నుంచి ఏ వీధి దాకా, సర్వే నంబర్లతో సహా ఉండాలి. ఉత్తగా గెడ్డలు కాపాడండి అని రాస్తే ఆక్రమణల సెక్షన్‌కూ డ్రైనేజీ సెక్షన్‌కూ మధ్య తిరిగి తిరిగి ఫైలు మూతపడుతుంది. ముందు మా పక్క గెడ్డ కొలతలు తీసి ఇస్తాను, టేపు పట్టుకోవడానికి ఎవరైనా ఒకరు రండి.